నాగావళి వంతెన మీద గాలి బలం: సిమ్యులేషన్‌లో వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

రాజాం సివిల్:

అందరికీ నమస్కారం. మేం నలుగురం రాజాం దగ్గర సివిల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాం. వంతెన మీద గాలి బలాన్ని కంప్యూటర్ సిమ్యులేషన్‌తో లెక్కగట్టడం మా ప్రాజెక్టు. శ్రీకాకుళంలో నాగావళి మీద రోజూ దాటే వంతెన లాంటి గర్డర్ బ్రిడ్జినే (దూలాల మీద రోడ్డు నిలిచే రకం) తీసుకుందాం అనుకున్నాం. అసలు డ్రాయింగులు మా దగ్గర లేవు కాబట్టి మామూలు హైవే వంతెన కొలతలు పెట్టాం. డెక్ (రోడ్డు ఉండే పైభాగం) వెడల్పు 12 మీటర్లు, గర్డర్లతో కలిపి లోతు 3 మీటర్లు, స్పాన్ (స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం) 30 మీటర్లు.

గాలి ప్రవాహాన్ని లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. అడ్డకోత మాత్రమే, అంటే 2డీ. డెక్‌ని 12కి 3 దీర్ఘచతురస్రంగా గీశాం. చుట్టూ డొమైన్ (లెక్కలోకి తీసుకున్న గాలి ప్రాంతం) ఎత్తు 30 మీటర్లు. సింపుల్‌ఫోమ్ సాల్వర్ (సమీకరణాలు విప్పే ప్రోగ్రాం), కె-ఎప్సిలాన్ మోడల్ (గాలి అల్లకల్లోలాన్ని అంచనా వేసే పద్ధతి), లోపలికి వచ్చే గాలి సెకనుకు 50 మీటర్లు (మన తీరానికి కోడ్, అంటే వంతెనల డిజైన్ నియమాల పుస్తకం ఐఆర్‌సీ 6, మ్యాపులో ఉన్న బేసిక్ వేగం అదే).

సమస్య ఏమిటంటే డ్రాగ్ కోఎఫిషియెంట్ (గాలి ఒక ఆకారాన్ని ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే గుణకం) నిలవడం లేదు. మెష్ (లెక్క కోసం గాలి ప్రాంతాన్ని చిన్న గళ్లుగా విడగొట్టిన వల) ముతకగా ఉంటే 1.4 వచ్చింది. సన్నం చేస్తే 1.1కి దిగింది. ఇంకా సన్నం చేస్తే మళ్లీ 1.25కి ఎక్కింది. రెసిడ్యువల్స్ (లెక్కలో ఇంకా మిగిలిన తప్పు) కొంత పడి, అక్కడి నుంచి ఊగుతూనే ఉంటున్నాయి. ఐఆర్‌సీ 6 ప్రకారం చేత్తో లెక్క వేస్తే 2.1 వస్తోంది. వీటిలో ఏది నిజం? పైగా మా గైడ్ గారు రివ్యూలో "తిత్లీ లాంటిది మళ్లీ వస్తే ఈ వంతెన ఆగుతుందా లేదా, ఒక్క మాటలో చెప్పండి" అన్నారు. రివ్యూ దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఉద్దానం ఇంజనీర్:

తమ్ముడూ, ముందు గైడ్ గారి ప్రశ్నకు జవాబు చెప్తాను. దానికి కంప్యూటర్ అవసరం లేదు.

ఐఆర్‌సీ 6లో గాలి పీడనం పట్టిక బేసిక్ వేగం 33కి ఇచ్చారు. మైదానంలో 10 మీటర్ల ఎత్తు వరకు గంట సగటు వేగం 27.8, పీడనం చదరపు మీటరుకు 463.7 న్యూటన్లు. మన తీరానికి 50 కాబట్టి 50ని 33తో భాగించి వర్గం చేసి హెచ్చించాలి. 1064 వస్తుంది. దాన్ని 3 మీటర్ల లోతుతో, గస్ట్ ఫ్యాక్టర్ (ఒక్కసారిగా కొట్టే గాలి కోసం పెంచే గుణకం) 2తో, మీ 2.1తో హెచ్చిస్తే మీటరు పొడవుకు సుమారు 13.4 కిలోన్యూటన్లు. ఒక స్పాన్‌కి రమారమి 40 టన్నుల పక్కతోపు. గర్డర్లు, స్లాబు, రోడ్డు కలిపి ఆ స్పాన్ సొంత బరువు 400 టన్నుల పైమాటే. ఆ పక్కతోపుని గర్డర్ల కింది బేరింగులు, పక్కకు జరగకుండా ఆపే స్టాపర్లు, పియర్లు (స్తంభాలు) తట్టుకోవాలి. డిజైన్‌లో దాన్ని చూసే కడతారు.

ఇక ఊగడం సంగతి. గర్డర్ వంతెనలకు 100ని స్పాన్ మీటర్లతో భాగిస్తే సహజ పౌనఃపున్యం (వంతెన తనంతట తాను ఊగే లయ) ఉజ్జాయింపుగా వస్తుంది. మీది 3.3 హెర్ట్జ్. డెక్ వెనక సుడులు విడిపోయే వేగాన్ని స్ట్రౌహాల్ సంఖ్యతో లెక్కిస్తాం. ఇంత వెడల్పున్న అడ్డకోతకు అది 0.11, 0.13 మధ్య ఉంటుంది. ఆ సుడుల లయ వంతెన లయతో కలవాలంటే గాలి సెకనుకు 75 నుంచి 90 మీటర్లు వీచాలి. అంటే గంటకు 270 కిలోమీటర్ల పైన. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 150 కిలోమీటర్ల దగ్గర ఉంది. కాబట్టి మీ వంతెన గాలికి ఊగిపోయే రకం కాదు. నాగావళి, వంశధార మీద ఉన్న ఇలాంటి వంతెనలకు నేను భయపడేది వరదకి. పియర్ల చుట్టూ ఇసుక కోసుకుపోవడం గాలి కంటే చాలా పెద్ద ప్రమాదం. రివ్యూలో ఈ మాట ధైర్యంగా చెప్పండి. అడిగినదానికి సూటి జవాబు అదే.

ఇప్పుడు మీ సిమ్యులేషన్. మీ అంకెలు ఊగడానికి ప్రధాన కారణం మెష్ కాదు, సాల్వర్. సింపుల్‌ఫోమ్ స్థిర ప్రవాహానికి రాసినది. మొద్దు ఆకారం వెనక గాలి స్థిరంగా ఉండదు. పై అంచు నుంచి ఒక సుడి, కింది అంచు నుంచి ఒక సుడి, వంతులవారీగా విడిపోతూనే ఉంటాయి. లేని స్థిర జవాబు కోసం సాల్వర్ వెతుకుతోంది, అందుకే రెసిడ్యువల్స్ పడిపోవడం లేదు. మీరు ఏ ఇటరేషన్ దగ్గర ఆపితే ఆ అంకె వస్తుంది. పింపుల్‌ఫోమ్‌కి మారండి, కాలంతో పాటు నడపండి. మూలల దగ్గర సెల్ 2 సెంటీమీటర్లు ఉండి గాలి అక్కడ సెకనుకు 60 మీటర్లు పోతుంటే, కూరాంట్ సంఖ్య (ఒక టైమ్ స్టెప్‌లో గాలి ఎన్ని గళ్లు దాటుతుందో చెప్పేది) 1 దాటకుండా టైమ్ స్టెప్ 0.0003 సెకన్ల దగ్గర ఉండాలి. రాత్రి పెట్టి పొద్దున్న చూసుకునే పనే, ల్యాప్‌టాప్ చాలు.

కె-ఎప్సిలాన్ కూడా మార్చండి. గాలి డెక్ ముఖానికి కొట్టుకునే చోట ఆ మోడల్ లేని అల్లకల్లోలాన్ని పుట్టిస్తుంది. దానివల్ల సుడులు చచ్చిపోతాయి. కె-ఒమేగా ఎస్‌ఎస్‌టి దీనికి మేలు. అదీ సర్వరోగ నివారిణి కాదు, కానీ 2డీలో సగటు బలాలు చూడడానికి పనికొస్తుంది. ఎల్‌ఈఎస్ (పెద్ద సుడులను నేరుగా లెక్కించే పద్ధతి) చేద్దాం అని ఎవరైనా అంటే 2డీలో మాత్రం చెయ్యకండి. అల్లకల్లోలం మూడు దిక్కుల్లో జరిగే వ్యవహారం, వంతెన పొడవు వెంట కూడా మెష్ ఉండాలి. అది మీ మెషీన్‌కి భారం.

డొమైన్ ఎత్తు 30 మీటర్లు అన్నారు. అందులో డెక్ 3 మీటర్లు, అంటే దారిలో పదో వంతు మూసేశారు. గాలి ఇరుకులో పడి వేగం పెరిగి డ్రాగ్ ఎక్కువ చూపిస్తుంది. ఆ మూత 5 శాతం లోపు ఉండాలి, 3కి తెస్తే ఇంకా మంచిది. ఎత్తు 100 మీటర్లు పెట్టండి. దూరంగా సెల్స్ పెద్దవే కాబట్టి ఖర్చు పెద్దగా పెరగదు.

కోడ్ 2.1కి, మీ 1.2కి తేడా ఎందుకు? మీరు గీసింది మూసేసిన పెట్టె. అలాంటి ఆకారానికి 1.1, 1.2 నమ్మదగిన అంకెలే. కోడ్ లెక్క వేరు. ఒకే బాక్స్ గర్డర్ అయితే వెడల్పు లోతుకి 2 రెట్లు ఉన్నప్పుడు 1.5, 6 రెట్లు దాటితే 1.3 తీసుకోమంటుంది. మీది 4 రెట్లు కాబట్టి మధ్యలో 1.4. గర్డర్లు రెండు, అంతకంటే ఎక్కువ ఉంటే దాన్ని 1.5తో హెచ్చించమంటుంది. ఆ 2.1 అలా వచ్చింది. గర్డర్ల మధ్య ఖాళీల్లో గాలి దూరి తిరగడం మీ బొమ్మలో లేదు, క్రాష్ బారియర్లు (డెక్ అంచున వాహనాలను ఆపే అడ్డుగోడలు) లేవు. పైగా కోడ్ అంకె అన్ని రకాల వంతెనలకూ సురక్షితంగా ఉండేలా పైకి పట్టి పెట్టినది. రెండూ ఒకటి కావాలని చూడకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. మీ వంతెన పక్కన పెట్టి, ముందు జవాబు తెలిసిన లెక్క చెయ్యండి. చదరపు స్తంభం తీసుకోండి. రెనాల్డ్స్ సంఖ్య (గాలి వేగం, వస్తువు పరిమాణం, గాలి జిగట కలిపి చెప్పేది) 20 వేల ప్రాంతంలో ప్రయోగాల్లో డ్రాగ్ 2.1, స్ట్రౌహాల్ 0.13 వచ్చాయి. తర్వాత 5కి 1 దీర్ఘచతురస్రం. దీన్ని వంతెన డెక్‌కి నమూనాగా పెట్టుకుని బార్క్ అనే పేరుతో 2008 నుంచి చాలా దేశాల వాళ్లు విండ్ టన్నెల్‌లోనూ కంప్యూటర్‌లోనూ చేసి పోల్చుకుంటున్నారు. డ్రాగ్ 1కి కాస్త పైన, స్ట్రౌహాల్ 0.11 దగ్గర. మీ సెటప్ ఈ రెండిటినీ తేగలిగితే అప్పుడు 12కి 3 గీయండి. తేలేకపోతే అక్కడే ఆగి సరిచేసుకోండి. రంగుల బొమ్మలు ఏ సెటప్‌తో అయినా అందంగానే వస్తాయి.

బొబ్బిలి మాస్టారు:

అమ్మా, చాలా వివరంగా రాశారు. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అమెరికాలో టకోమా వంతెన 1940లో కూలడాన్ని రెజొనెన్స్‌కి ఉదాహరణగా పిల్లలకు చూపించడం పరిపాటి. మీలాంటి ఇంజనీర్లు దాన్ని ఫ్లట్టర్ అంటారు. ఈ రెండిటి మధ్య తేడా పిల్లలకు అర్థమయ్యేలా ఒకసారి చెప్పగలరా?

ఉద్దానం ఇంజనీర్:

మాస్టారూ, నమస్కారం. మంచి ప్రశ్న అడిగారు. ఇందాక వేసిన లెక్కతోనే తేలిపోతుంది.

టకోమా ప్రధాన స్పాన్ 853 మీటర్లు. డెక్ పక్కన గాలికి అడ్డంగా 2.4 మీటర్ల లోతున్న గట్టి ఉక్కు పలకల గర్డర్లు. జులై 1న తెరిచారు, నవంబరు 7న కూలింది. ఆ పొద్దున గాలి గంటకు 65 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంది, అంటే సెకనుకు 18, 19 మీటర్లు. స్ట్రౌహాల్ 0.11 వేసుకుంటే సుడులు సెకనుకు ఒకటికి కాస్త తక్కువగా విడిపోవాలి. డెక్ మెలితిరిగింది నిమిషానికి 12 సార్లు, అంటే సెకనుకు 0.2. లయలు కలవనే లేదు. బయటి నుంచి ఒక నిర్ణీత లయలో తోస్తే వంతెన ఊగింది అన్న రెజొనెన్స్ కథ అందుకే నిలవదు. దీన్ని పరిశోధకులు బిల్లా, స్కాన్లన్ 1991లో ఒక వ్యాసంలో విడమరిచి రాశారు.

జరిగింది ఫ్లట్టర్, అది ఇలా. డెక్ కాస్త మెలితిరిగితే గాలికి అది చూపించే కోణం మారుతుంది. కోణం మారితే బలం మారుతుంది. ఆ బలం డెక్ తిరుగుతున్న దిక్కులోనే ఇంకాస్త తోస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడూ అంతే. ప్రతి ఊపులోనూ గాలి నుంచి వంతెనలోకి శక్తి చేరుతుంది. వంతెనలో సహజంగా ఉన్న డ్యాంపింగ్ (ఊపును అణిచే గుణం) ఆ శక్తిని తినెయ్యగలిగినంత కాలం ఫరవాలేదు. ఒక వేగం దాటాక తినలేదు. అక్కడి నుంచి ఊపు పెరుగుతూనే పోతుంది. తోసే లయ బయటి నుంచి రావడం లేదు, వంతెన కదలికే దాన్ని పుట్టిస్తోంది. పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్తే చాలు మాస్టారూ.

కేబుల్ వంతెనలకు సిమ్యులేషన్ విలువ ఇక్కడే. డెక్‌ని కంప్యూటర్‌లో కావాలని ఒక లయలో పైకీ కిందికీ కదిలిస్తాం, తర్వాత మెలితిప్పుతాం. ఎదురు వచ్చే బలాన్ని కొలిచి ఫ్లట్టర్ డెరివేటివ్స్ (డెక్ కదిలితే గాలి బలం ఎంత మారుతుందో చెప్పే గుణకాలు) రాబడతాం. ఈ పద్ధతికి పునాది వేసింది 1971లో స్కాన్లన్, టామ్కో. మెలికకు సంబంధించిన ఒక డెరివేటివ్ గుర్తు మారి పాజిటివ్ అయితే గాలి డ్యాంపింగ్ ఇవ్వడం మాని ఊపు పెంచుతోందని అర్థం. టకోమా లాంటి హెచ్ ఆకారపు అడ్డకోతలో అదే కనిపిస్తుంది. ఐఆర్‌సీ 6 గాలి క్లాజు కూడా 150 మీటర్ల స్పాన్ వరకే. కేబుల్ స్టేడ్, సస్పెన్షన్ వంతెనలకు ప్రత్యేక అధ్యయనం చేసుకోమని వదిలేస్తుంది.

ఇంకొకటి తప్పక చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది చిన్న విషయం అనుకుంటారు. చైనాలో హుమెన్ వంతెన, 888 మీటర్ల స్పాన్, 1997 నుంచి నిక్షేపంగా ఉంది. 2020 మే 5న మామూలు గాలికే అలలు అలలుగా ఊగింది. అప్పుడు రిపేర్ల కోసం రెయిలింగ్ వెంట నీళ్లు నింపిన ప్లాస్టిక్ బారియర్లు వరసగా పెట్టారు. ఆ వరస డెక్ అంచు ఆకారాన్నే మార్చేసింది. గాలికి అది వేరే వంతెన. కూలలేదు కానీ ట్రాఫిక్ ఆపేయాల్సి వచ్చింది. రెయిలింగ్ వదిలేసి చేసిన సిమ్యులేషన్ అసలు వంతెన గురించి ఏమీ చెప్పదని నేను అనేది ఇందుకే. మన దగ్గర వంతెనల అంచులకు ఫ్లెక్సీలు, హోర్డింగులు కట్టేస్తుంటారు. గర్డర్ వంతెన కాబట్టి సరిపోతోంది. పొడవాటి కేబుల్ వంతెనకు కడితే నేను ఒప్పుకోను.

టెక్కలి రవాణా:

మాకు లారీలు ఉన్నాయండి. వంతెన పడిపోదు సరే. తుఫాను రోజుల్లో మా డ్రైవర్లు మడపాం దగ్గర వంశధార వంతెన ఎక్కాలంటే ఖాళీ బండితో భయపడతారు. లోడు ఉంటే అంత భయం ఉండదు అంటారు. గాలికి లారీ నిజంగా పడిపోతుందా? ఎంత గాలి దాటితే ఆగిపోవాలో లెక్క ఉందా?

ఉద్దానం ఇంజనీర్:

అన్నా, మీ డ్రైవర్లు చెప్పింది అక్షరాలా నిజం. గాలి తోసేది పక్క వైశాల్యాన్ని, నిలబెట్టేది బరువు. ఖాళీ బండికి వైశాల్యం అంతే ఉంటుంది, బరువు ఉండదు.

ఉజ్జాయింపు లెక్క ఒకటి చేద్దాం. మూసిన బాడీ ఉన్న లారీ, పక్క వైశాల్యం 25 చదరపు మీటర్లు, ఖాళీ బరువు 8 టన్నులు, చక్రాల మధ్య దూరంలో సగం 0.95 మీటరు. గాలి రోడ్డు నుంచి 2.5 మీటర్ల ఎత్తులో తోస్తుందనుకోండి, డ్రాగ్ 1.2. సెకనుకు 30 మీటర్ల గాలికి, అంటే గంటకు 108 కిలోమీటర్లకు, పడేసే మొమెంట్ (తిప్పే బలం) నిలబెట్టే మొమెంట్‌లో సగం దాటుతుంది. 40 మీటర్లకు, అంటే గంటకు 144 కిలోమీటర్లకు, రెండూ దాదాపు సమానం. చక్రాలు ఒకవైపు లేచిపోతాయి. ఇది బండి నిలబడి ఉంటేనే. నడుస్తున్న బండికి, తడి రోడ్డు మీద, ఒక్కసారిగా కొట్టే గాలికి ఇంకా చాలా ముందే స్టీరింగ్ చేతిలో ఉండదు. ఐఆర్‌సీ 6 కూడా డెక్ దగ్గర గాలి సెకనుకు 36 మీటర్లు దాటితే వంతెన మీద వాహనాలు ఉండవనే లెక్క వేస్తుంది. పాత పంబన్ రైలు వంతెన మీద అయితే గంటకు 58 కిలోమీటర్లకే రైళ్లు ఆపేసేవారు. 1964 డిసెంబరు తుఫానులో ఆ దగ్గర్లోని ధనుష్కోడి వద్ద సముద్రపు ఉప్పెనకు రైలే కొట్టుకుపోయింది. మీ బండ్లకు గాలి హెచ్చరిక ఉన్న రోజున ఖాళీ కంటైనర్లు వంతెన ఎక్కకుండా ఇవతలే ఆపించండి. ఒక్క రాత్రి కిరాయి పోతే పోయింది.

రాజాం తమ్ముడూ, మీ ప్రాజెక్టు ఇక్కడ ఉంది. డెక్ మీద లారీ ఎత్తులో గాలి వేగం ఎంత? క్రాష్ బారియర్ ఉంటే లారీ కింది సగానికి ఎంత చాటు దొరుకుతుంది? అంచు నుంచి విడిపోయిన గాలి ఎక్కడ మళ్లీ వేగం అందుకుంటుంది, ఎడమ లేన్‌కి, కుడి లేన్‌కి తేడా ఎంత? వీటికి కోడ్‌లో జవాబు లేదు, చేత్తో లెక్క రాదు, 2డీ సిమ్యులేషన్ మొదటి అంచనా ఇవ్వగలదు. తిత్లీకి మా సోంపేట వైపు కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూశాక నేను గాలి లెక్కలే నా పని అనుకున్నాను. వంతెన ఆగుతుందా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. దాని మీద మనిషి ఆగగలడా అని అడిగేవాళ్లు తక్కువ.

రాజాం సివిల్:

మేడమ్, చాలా చాలా థ్యాంక్స్. గైడ్ గారితో మాట్లాడాం, లారీ ఆలోచనకి వెంటనే ఒప్పుకున్నారు. చదరపు స్తంభం పింపుల్‌ఫోమ్‌లో పెట్టాం, సుడులు వంతులవారీగా విడిపోవడం కనిపిస్తోంది. రెండు సందేహాలు. గాలి 50 ఇవ్వాలా, లేక పట్టికలోని 27.8ని 50/33తో హెచ్చిస్తే వచ్చే 42 ఇవ్వాలా? 5కి 1 కేసులో డ్రాగ్ 0.21 వస్తోంది, మీరు చెప్పిన దాంట్లో అయిదో వంతు. మళ్లీ మెష్ మార్చాలా?

ఉద్దానం ఇంజనీర్:

మెష్ ముట్టుకోకండి. అయిదో వంతు వచ్చిందంటే ఫోర్స్‌కోఎఫ్స్ ఫైల్లో ఏరెఫ్ (బలాన్ని భాగించే వైశాల్యం) దగ్గర వెడల్పు ఇచ్చి ఉంటారు. లోతు ఇవ్వండి, 1.05 అవుతుంది. వంతెనల మీద రాసిన వ్యాసాల్లో కొందరు వెడల్పుతో, కొందరు లోతుతో భాగిస్తారు. ఎవరి అంకెతో పోల్చినా ముందు అది చూసుకోండి. 2డీ కేసుకి మందం ఎంత ఇచ్చారో దాన్నీ హెచ్చించాలి.

గాలి వేగం ఏది ఇచ్చినా కోఎఫిషియెంట్ పెద్దగా మారదు, ఎందుకంటే మూలలు పదునుగా ఉన్నాయి, గాలి అక్కడే విడిపోతుంది. కానీ బలాన్ని కోడ్‌తో పోల్చేటప్పుడు 42 తీసుకోండి. మ్యాపులో 50 అనేది 3 సెకన్ల గస్ట్, పట్టికలోది గంట సగటు. 50 పెట్టి, పైన గస్ట్ ఫ్యాక్టర్ 2 కూడా వేస్తే గస్ట్‌ని రెండుసార్లు లెక్కేసినట్టే.

లారీ కేసులో మొదట్లో వచ్చే అంకెలు తీసిపారేయండి. డెక్ మీద 42కి ఒక్కో సుడి జత 0.65 సెకన్లు పడుతుంది. ప్రవాహం కుదురుకున్నాక అలాంటివి ఒక ముప్పై అయినా సగటు తీయండి. బారియర్ ఉన్న కేసు, లేని కేసు రెండూ ఒకే మెష్ తీరుతో చెయ్యండి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు. అయ్యాక కాలంతో పాటు డ్రాగ్, లిఫ్ట్ (పైకీ కిందికీ తోసే బలం) ఎలా మారాయో ఆ రెండు గ్రాఫులు ఇక్కడ పెట్టండి. ఆదివారం కూర్చుని చూస్తాను.